తేలిక పనుల బరువు

పనిని, పనిముట్టును మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రం ఎర్గోనామిక్స్. దాని గురించి తెలుగులో ఎవరు రాసినా కుర్చీ దగ్గర మొదలుపెడతారు. నడుముకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు తగలాలి, కంప్యూటర్ తెర కళ్లకు ఎదురుగా ఉండాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. మంచి సలహాలే. కాకపోతే మాదాపూర్‌లో ఉద్యోగం చేసేవారికే వెన్నుపూస ఉన్నట్టు, మిగతా ఊళ్లలో ఎవరికీ నడుములే లేనట్టు ఉంటుంది ఆ రాతల తీరు. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా తరగతి గది కిటికీకి ఎదురుగా వంట షెడ్డు ఉంది. బలం, దూరం, బల భ్రామకం అంటూ నేను నల్లబల్ల మీద బాణాలు గీస్తుంటాను. అవే బలాలు, అవే దూరాలు ఆ షెడ్డులో ముగ్గురు ఆడవాళ్ల మణికట్ల మీద పనిచేస్తుంటాయి. (ఆ నల్లబల్ల పైభాగం నాకు అందదు. బిగించినవాడు తన ఎత్తుకు బిగించుకున్నాడు. అక్కడ తేదీ వేసేది తరగతిలో అందరికన్నా పొడుగు పిల్లవాడు.)

పనిచేసే చోట స్త్రీపురుష భేదాన్ని లెక్కలోకి తీసుకోవాలి అనగానే, ఆడవాళ్ల చేతికి సరిపడే చిన్న పనిముట్టు తయారుచేయడం అనుకుంటారు చాలామంది. అది కావలసిందే, కానీ రెండో మెట్టు. ఆడవాళ్లు చేస్తున్న పనిని ముందు పనిగా చూసి, దాని బరువు తూచాలి. మన దగ్గర ఆగిపోయింది అక్కడే. ఆడవాళ్ల పనికి ‘తేలిక పని’ అని ముందే పేరు పెట్టేశారు. తేలిక అన్నాక తూచే అవసరం ఎవరికి ఉంటుంది?

మా షెడ్డు లెక్కే చూద్దాం. మధ్యాహ్న భోజన పథకం కింద ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు. పెద్ద తరగతుల పిల్లలు 200 మంది తింటే 30 కిలోల బియ్యం పొయ్యి ఎక్కాలి. రెండు గుండిగల్లో సర్దితే ఒక్కోదానిలో 15 కిలోలు. అవి ఉడికితే 40 కిలోల దగ్గరకు వస్తాయి. వార్చే అన్నం కాబట్టి ఎసరు ధారాళంగా పెడతారు. వార్చే వేళకు మరో 15, 20 కిలోల గంజి ఉంటుంది. గుండిగ సొంత బరువు కూడా కలిపితే మొత్తం 65 కిలోలకు తక్కువ ఉండదు. కేంద్రం పెట్టిన నియమం ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంటమనిషి, 100 మంది వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఇంకొకరు. అంటే 200 మందికి ముగ్గురు. ఒకామె పప్పు దగ్గరో గుడ్ల దగ్గరో ఉంటుంది. గుండిగకు మిగిలేది ఇద్దరు.

ఇంట్లో గిన్నె వంచి గంజి వార్చడం అందరూ చూసిందే. ఇది వేరు. ముందు పొయ్యి మీద నుంచి దించాలి. మసిగుడ్డ చాలదు కనుక తడిపి మడతపెట్టిన గోనె ముక్కలతో చెరో పక్క అంచు పట్టుకుంటారు. కట్టెల పొయ్యి నేలమట్టంలో ఉంటే నడుము పూర్తిగా వంచి లేపాలి. దిమ్మె మీద పెట్టిన గ్యాస్ పొయ్యి అయితే గుండిగ అంచు రొమ్ము ఎత్తుకు వస్తుంది, మోచేతులు భుజాల దాకా లేస్తాయి. దించాక సిబ్బిని మూతికి అదిమి పట్టి ఒక పక్కకు వాలుస్తారు. తంటా అంతా ఆ వాల్చడంలోనే ఉంది. లోపల ఉన్న బరువు ఉన్నట్టుండి ముందుకు జారుతుంది. ఆవిరి మొహానికి కొడుతుంది కాబట్టి మెడ పక్కకు తిప్పుకోవాలి. గుండిగ ఎంత వంగిందో కంటితో చూసే వీలు లేదు, చేతులతోనే తెలుసుకోవాలి. ఆ అదుపంతా మణికట్టుదే. ఇద్దరిలో ఒకరి పట్టు సడలితే రెండోవారి కాళ్ల మీద పడుతుంది గంజి. “నడుము నొప్పి రాత్రి పడుకున్నాక తెలుస్తుంది టీచరమ్మా, మణికట్టు నొప్పి అక్కడే తెలుస్తుంది” అంటుంది మా పెద్దావిడ.

అమెరికాలో వృత్తి భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, నియోష్ అంటారు. బరువులెత్తే పనికి వాళ్లు 1990ల తొలినాళ్లలో సవరించి ఇచ్చిన సూత్రాన్ని చాలా దేశాల్లో వాడుతున్నారు. బరువు ఒంటికి దగ్గరగా ఉండి, పిడి చక్కగా ఉండి, నడుము తిప్పే పని లేకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తేటట్టయితే 23 కిలోల దాకా ఫరవాలేదు అంటుంది ఆ సూత్రం. ఈ 23 ఎక్కడి నుంచి వచ్చింది? పురుషుల్లో దాదాపు అందరికీ, స్త్రీలలో నూటికి 75 మందికి సమ్మతమయ్యే బరువుగా లెక్కగట్టారు. అంటే ఈ లెక్కలో ఆడవాళ్లు ఉన్నారు, కానీ నలుగురిలో ఒకామె గడప బయటే ఉంది. అక్కడి నుంచి కోతలు మొదలవుతాయి. బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కోత లేదు. 50 సెంటీమీటర్లకు జరిగితే పరిమితి సగానికి తెగి 11.5 కిలోలవుతుంది. కుతకుత ఉడికే గుండిగను పొట్టకు ఆనించుకునేవారు ఎవరుంటారు? నడుము తిప్పినందుకు ఇంకొంత కోత, పట్టు సరిగా లేనందుకు మరికొంత. పైగా లోపల కదిలే బరువులకు, జారే నేలకు ఈ సూత్రం చాలదని రాసినవారే చెప్పారు. మా షెడ్డులో గంజి ఒలికిన బండల మీద ఆ రెండూ ఉన్నాయి. ఇద్దరు పంచుకున్నా తలకు 30 కిలోల పైమాటే.

సూత్రాలు అమెరికావి, మనకు చట్టం లేదా అంటే ఉంది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చేదాకా ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 34వ సెక్షన్ ప్రకారం గాయం చేసేంత బరువును ఎవరి చేతా మోయించకూడదు. స్త్రీలకు, పురుషులకు, చిన్న వయసువారికి వేరువేరు గరిష్ఠ పరిమితులను రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించే వీలుండేది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజన పురుషుడి మీద 55 కిలోలకు మించి పెట్టవద్దని, స్త్రీలకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలని సిఫారసు చేసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అయితే వంట షెడ్డు కర్మాగారం కాదు. అందులో వండే ఆమె, కాగితాల లెక్కన, కార్మికురాలూ కాదు. ‘గౌరవ వేతనం’ మీద సేవ చేస్తున్న వంట సహాయకురాలు. 2009లో కేంద్రం ఆ గౌరవానికి కట్టిన వెల నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. మన రెండు రాష్ట్రాల్లో తర్వాత 3,000కు పెరిగింది. ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. నెలకు 1,000 రూపాయలకు బడిలో వంట చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు అన్నది. గుండిగ మాత్రం అక్కడే ఉంది.

జీతం గొడవ వేరు, ఎర్గోనామిక్స్ వేరు అనేవారు ఉంటారు. నాకు ఆ రెంటి మధ్య గోడ కనిపించదు. మనిషిని కార్మికురాలు అనకపోతే ఆమె నిలబడిన చోటును పని స్థలం అనరు. పని స్థలం కానిచోట కొలతలు తీయడానికి ఎవరూ రారు. ఈ పనిని 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా పొదుపు సంఘాలకు అప్పగించినప్పుడు ఎవరి మనసులోనైనా ఉన్నది ఒకటే: వంటే కదా, ఇంట్లో చేసేదే కదా. ఐదుగురికి వండే చేయి 200 మందికి వండలేదా అన్న ధీమా. ఇంటి పని కాబట్టి తేలిక, తేలిక కాబట్టి ఆడవాళ్లది, ఆడవాళ్లది కాబట్టి తూచక్కర్లేదు.

ఈ ‘తేలిక’ మన ఒక్కరి జబ్బు కాదు. కెనడాలోని క్విబెక్ ఆసుపత్రుల్లో శుభ్రపరిచే పనిని ‘బరువు పని’, ‘తేలిక పని’ అని విడదీసి మొదటిది మగవాళ్లకు, రెండోది ఆడవాళ్లకు ఇచ్చేవారు. కారెన్ మెస్సింగ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు వెళ్లి కూర్చుని ఆ పనిని గమనించారు. దుమ్ము తుడవడం, మరుగుదొడ్లు కడగడం, చెత్తబుట్టలు తీయడం తేలిక పనులట. అవి చేసే ఆడవాళ్లు అస్తమానం వంగుతూ లేస్తూ, ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా తిరుగుతున్నారు. ఒక్క బరువు పెద్దదైతే ‘బరువు పని’, వెయ్యి చిన్న బరువులైతే ‘తేలిక పని’. ఆ కూడిక ఎవరూ చేయలేదు.

కూడిక చేయని పనులు మన దగ్గరా కావలసినన్ని. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే స్త్రీల కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఆకు కత్తిరించాలి, పొగాకు నింపాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. ఒక్కో బీడీకి ఐదే కదలికలనుకున్నా వెయ్యి బీడీలకు ఐదు వేలు. ఒళ్లో చాట, ముందుకు వంగిన మెడ, బాసింపట్టు వేసిన కాళ్లు. బీడీ బరువు గ్రాములో ముక్క. దాని మీద ఏ సెక్షన్ పెడతారు? బరువు పరిమితి రాసే చట్టానికి ఈ ఐదు వేలు కంటికి ఆనవు. వరి నాట్లదీ అదే కథ. ఒక్కో నారు పోచ బరువెంత? దాన్ని నాటడానికి నడుము ఎంతసేపు వంగి ఉంది అన్నది కదా అడగాల్సింది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసేవారిని, రొయ్యల షెడ్డుల్లో చల్లటి నీళ్లలో చేతులు పెట్టి పొట్టు ఒలిచేవారిని అడిగినా ఇదే తేలుతుంది.

ఇంకో మాట. దీన్ని మన ఊళ్లలో గుసగుసగా తప్ప మాట్లాడుకోరు. కాన్పులైన ఆడవాళ్లు బరువులెత్తితే పొత్తికడుపు మీద పడే ఒత్తిడి వేరు, గర్భసంచి జారడం లాంటి బాధలు వేరు. మగవాడి నడుమును నమూనాగా పెట్టుకొని గీసిన బొమ్మలో అది ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మన రెండూ ముందు వరుసలో ఉన్నాయి. దానికి కారణాలు అనేకం, బరువులే చేశాయని నేను అనను. నా బాధల్లా, తెల్ల బట్ట సమస్య అనో నడుము నొప్పి అనో వెళ్లిన మనిషిని ‘నువ్వు రోజూ ఏం ఎత్తుతావు?’ అని అడిగే డాక్టరు తగలడం అరుదు. ఆపరేషన్ మాట ముందు వస్తుంది, గుండిగ మాట రానే రాదు.

ఇప్పుడు శరీరాల సంగతి. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల చుట్టూ, పురుషులది 165 చుట్టూ. అంటే జానెడులో సగానికి కాస్త ఎక్కువ తేడా. చేతి పట్టు బలంలో స్త్రీల సగటు పురుషుల సగటుకు 60 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఎర్గోనామిక్స్ చదివినవారికి తెలిసిన కిటుకు ఒకటి ఉంది: భుజాల, చేతుల బలంలో స్త్రీపురుషుల మధ్య తేడా ఎక్కువ, కాళ్ల బలంలో తక్కువ. కాబట్టి పనిని రొమ్ము ఎత్తుకు లేపి చేతుల మీద వేస్తే ఆడవాళ్లు ‘బలహీనులు’ అవుతారు. అదే పనిని కాలితో తొక్కే మీటకు మారిస్తే ఆ బలహీనతలో చాలా భాగం మాయమైపోతుంది. చాలాచోట్ల ‘ఆడవాళ్ల వల్ల కాదు’ అన్న తీర్పు శరీరం ఇచ్చింది కాదు, పిడి ఎక్కడ బిగించారో ఆ చోటు ఇచ్చింది.

కొలతలు మన దగ్గర లేవని కూడా అనలేం. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1997లోనే భారతీయుల శరీర కొలతలను అచ్చువేసింది. వ్యవసాయ కూలీల కొలతలు, బలాలు భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థవారు స్త్రీలవీ పురుషులవీ వేరుగా సేకరించారు. భువనేశ్వర్‌లో వ్యవసాయంలో స్త్రీల కోసమే ఒక పరిశోధన సంస్థ 1996 నుంచి నడుస్తోంది. పుస్తకంలో కొలతలున్నాయి, సంతలో పనిముట్లు మాత్రం ఎప్పటివే. 2003 ఖరీఫ్‌లో నారును దూరదూరంగా వరసల్లో నాటే శ్రీ వరి సాగు మన రాష్ట్రానికి వచ్చినప్పుడు చాళ్ల మధ్య తోసే కలుపు యంత్రం తెచ్చారు. అంతకుముందు కలుపు తీసేది ఆడవాళ్లు, చేత్తో. యంత్రం వచ్చాక బురదలో దాన్ని ముందుకూ వెనక్కూ తోసే పని చాలాచోట్ల మగవాళ్ల చేతికి పోయింది. వంగే బాధ తప్పింది, కూలీ తప్పింది.

ఈ భయం మా షెడ్డులోనూ ఉంది. వంగి వార్చే గుండిగ బదులు ఇరుసు మీద తిరిగే పాత్ర, ఆవిరి మీద వండే పాత్ర ఉంటాయని నేను చెప్పినప్పుడు వాళ్లు సంబరపడలేదు. “అవి పెద్ద వంటశాలల్లో ఉంటాయి కదా అమ్మా, అవి వస్తే మేమెందుకు?” అన్నారు. నిజమే. ఒకేచోట వేల మందికి వండి వ్యాన్లలో బడులకు పంపే పద్ధతి వచ్చినచోట ఊళ్లో వంట చేసేవారి పని పోయింది. వరికోత యంత్రం వచ్చి కొడవలి పట్టిన ఆడవాళ్లను గట్టున కూర్చోబెట్టడం వాళ్లు కళ్లారా చూశారు. నొప్పి ఉన్న పని, పని లేని సుఖం, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఎవరైనా నొప్పినే ఎంచుకుంటారు. అలా ఎంచుకోవలసిన గతి పట్టించాక ‘వాళ్లే మార్పు వద్దంటున్నారు’ అని రాసుకోవడం అధికారులకు సులువు.

పట్నం బస్సు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ స్త్రీ శరీరం కార్మికురాలిగానూ ప్రయాణికురాలిగానూ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఉచితమైనా టికెట్టు కొట్టాలి, సున్నా టికెట్టు. కండక్టరు కార్డు చూడాలి, యంత్రం నొక్కాలి, చీటీ చింపి ఇవ్వాలి, కిక్కిరిసిన జనంలోంచి వెనక్కి వెళ్లాలి, ఇదంతా బస్సు కుదుపుల మధ్య. ఒక చేతిలో టికెట్ల యంత్రం, భుజాన సంచి. ఖాళీగా ఉన్న చేయి పైన కమ్మీకి అందాలి. ఐదడుగుల మహిళా కండక్టరు ఆ కమ్మీని మునివేళ్లతో పట్టుకుంటే భుజం చెవికి తగులుతుంది, లేదంటే తొడను సీటు అంచుకు ఆనించి నిలదొక్కుకోవాలి. ఆ బస్సులో ఇప్పుడు సగానికి పైగా ఆమె ఎత్తు మనుషులే ఉంటున్నారు. పథకం మారింది, జనం మారారు, కమ్మీ ఎత్తు మారలేదు. వేలాడే పట్టీలు నాలుగు ఎక్కువ కట్టడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. మూత్రానికి వెళ్లే చోటు లేని చివరి స్టాపుల సంగతి నేను ఇక్కడ ఎత్తను, అది వేరే వ్యాసం. నీళ్లు తాగకుండా డ్యూటీ చేయడం ఎర్గోనామిక్స్ పుస్తకాల్లో ఏ అధ్యాయంలో వస్తుందో మాత్రం అడగాలని ఉంది.

(మాదాపూర్‌ను ఇందాక కాస్త ఎగతాళి చేశాను కాబట్టి వాళ్లకూ న్యాయం చేస్తాను. రోహిణి కార్తెలో శాలువా కప్పుకొని కూర్చునే అమ్మాయిలది నాజూకుతనం కాదు. ఆఫీసు గదుల చల్లదనం ప్రమాణాలు నలభై ఏళ్ల, 70 కిలోల మగవాడి ఒంటి వేడిని ఆధారంగా చేసుకున్నవని నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు ఇద్దరు 2015లో ఒక పత్రంలో చూపించారు.)

నా మాటలకు రెండు వైపుల నుంచి అభ్యంతరం వస్తుంది. మొదటిది పెద్దమనుషులది: అంత కష్టమైతే ఆడవాళ్ల చేత ఆ పనులు మాన్పించండి. ఈ దయ చరిత్ర ఏమిటో తెలిస్తే ఆ మాట అనరు. మన బొగ్గు గనుల్లో ఒకప్పుడు ఆడవాళ్లు భూగర్భంలో పనిచేసేవారు. వాళ్ల క్షేమం కోసమంటూ 1929 నాటి నిబంధనలతో దశలవారీగా పైకి పంపేశారు. యుద్ధం వచ్చి బొగ్గు కావలసి వచ్చేసరికి 1943లో ఆ నిషేధాన్ని పక్కనపెట్టి మళ్లీ దింపారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ పైకి. మూడేళ్లలో ఆడవాళ్ల శరీరం రెండుసార్లు మారిందా? భూగర్భ గనుల్లోకి మళ్లీ అనుమతి 2019లో వచ్చింది. పత్తి ప్రెస్సుల్లో పత్తి విప్పే యంత్రం నడిచే చోటికి ఆడవాళ్లను రానివ్వకూడదని కర్మాగారాల చట్టం 27వ సెక్షన్ చెప్పింది. యంత్రానికి కంచె కట్టడం ఖర్చు, ఆడవాళ్లను బయట నిలబెట్టడం చవక. లోపల మిగిలిన మగవాడి చేయి యంత్రంలో పడితే? అతని క్షేమం ఏ సెక్షన్‌లో ఉంది?

రెండో అభ్యంతరం నా స్నేహితురాళ్లది, అది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. తేడాల గురించి మాట్లాడితే ఆ తేడాలనే మన మీదికి విసురుతారు, సమానత్వం అడుగుతూ ప్రత్యేక కొలత అడగడమేమిటి అంటారు. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ స్త్రీలు అన్ని రకాల పనులూ చేయవచ్చని తలుపు తెరిచింది కదా, ఇప్పుడు మళ్లీ మా ఎత్తు ఇంత, మా బలం ఇంత అని చెప్పుకుంటే తలుపు మూయరా? మూస్తారేమో. కానీ లోపల ఉన్న సామానంతా వేరొకరి ఒంటికి తగ్గట్టు ఉన్నప్పుడు, తలుపు తెరిచినవాడే రెండేళ్లకు ‘చూశారా, వీళ్ల వల్ల కాలేదు’ అంటాడు. కొలతలు చెప్పకుండా దాచితే ఆ మాటకు జవాబు ఉండదు.

ఇంకొకటి, ఈ లెక్కల్లో మగవాడు సుఖంగా ఉన్నాడనుకోవడం పొరపాటు. బియ్యం బస్తా 50 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు. ఒకప్పుడు క్వింటాలు బస్తాలు మోసిన హమాలీలు ఇప్పుడు నడుం పట్టీలు కట్టుకొని ఊళ్లలో కూర్చున్నారు. ‘మగవాడు కదా, మోస్తాడు’ అన్నదీ స్త్రీపురుష భేదం చూపించిన లెక్కే. 50 కిలోల బస్తాను 25 కిలోలు చేస్తే ఆడమనిషికి పని దొరుకుతుంది, మగమనిషికి నడుము దక్కుతుంది. ప్రమాణంగా పెట్టుకున్న ఆ పురుషుడు వరంగల్ గ్రెయిన్ మార్కెట్‌లో కూడా ఉండడు.

ఆడవాళ్లు అడిగితే అందరికీ ఎలా దక్కుతుందో చూడాలంటే కేరళ వెళ్లాలి. కోళికోడ్ మిఠాయి వీధి బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పొద్దుట నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. కొనేవారు లేనప్పుడు కూడా కూర్చోవడానికి వీల్లేదు. మరుగుదొడ్లు లేవు. దర్జీ పని చేసే పి. విజి అనే ఆమె, తోటి స్త్రీలు కలిసి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టుకొని ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కర్మాగారాల చట్టంలో ఈ హక్కు 44వ సెక్షన్‌గా 1948లోనే వచ్చింది. దుకాణం కర్మాగారం కాదు కాబట్టి అక్కడికి రాలేదు, మా వంట షెడ్డుకు రానట్టే. చట్టం వచ్చాక ఆ స్టూలు మీద మగ సేల్స్‌మన్ కూడా కూర్చుంటున్నాడు. మన పాత చీరల కొట్లలో మగవాళ్లు తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపేవారు, గుర్తుందా? ఆడవాళ్లను పనిలో పెట్టుకున్న కొత్త షోరూముల్లో పరుపు పోయింది. కూర్చోవడం ఎవరితో పాటు పోయిందో గమనించండి.

మా షెడ్డు విషయంలో నేను నేర్చుకున్నది, కొలతల పుస్తకం చూసి దిమ్మె ఎత్తు చెప్పేస్తే సరిపోదని. ఆ ముగ్గురిలో ఇద్దరికి మధ్య ఎత్తులో బాగా తేడా ఉంది. ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పలేదు. పొయ్యి పక్కనే అదే ఎత్తులో ఇంకో దిమ్మె కావాలన్నది వాళ్ల ఆలోచన, నాది కాదు. అప్పుడు గుండిగను ఎత్తి దించే పని లేకుండా పక్కకు జరుపుకోవచ్చు. పాఠశాల కమిటీలో ఒక తాపీమేస్త్రీ ఉండబట్టి ఆ దిమ్మె కట్టించగలిగాం. రెండు గుండిగల బదులు మూడు చిన్నవి పెడితే ఒక్కోదానిలో 10 కిలోల బియ్యమే ఉంటుందని నేనన్నాను. మూడో పొయ్యి ఎక్కడిది, గ్యాసు ఎవరు కొంటారు, పన్నెండున్నరకల్లా ఎలా అవుతుంది అన్నారు. చిల్లుల బుట్టతో అన్నాన్ని తోడి వార్చడం ప్రయత్నించాం. మణికట్టుకు హాయి, కానీ అన్నం చితికిపోయింది, పిల్లలు గొణిగారు. అడుగున కుళాయి ఉన్న గుండిగ చేయించాలని ఉంది. అది ఏ పద్దు కింద కొనాలో మా ప్రధానోపాధ్యాయుడికి తెలియలేదు, పై ఆఫీసులోనూ చెప్పలేదు. పాత్రలకు పద్దు ఉంది, మణికట్టుకు లేదు.

భోజనం తనిఖీకి వచ్చేవారి దగ్గర ఒక నమూనా ఉంటుంది. అన్నం రుచి చూస్తారు, గుడ్లు లెక్కపెడతారు, బియ్యం నిల్వ పుస్తకంతో సరిచూస్తారు, వంటవారి గోళ్లు, తలగుడ్డలు చూస్తారు. అందులో రెండు గడులు చేర్చమని రాయబోతున్నాం: నిండిన గుండిగ బరువెంత, దాన్ని ఎందరు పట్టి వంచుతున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు లెక్క వేసి పెట్టారు, వాళ్లకు బలాల పాఠం కూడా అయిపోయింది. ఇది చదివే టీచర్లు ఎవరైనా ఉంటే మీ బడి లెక్క కూడా కింద రాయండి: ఎందరు పిల్లలు, ఎన్ని గుండిగలు, పొయ్యి ఎంత ఎత్తు, ఎన్ని చేతులు. ఒక్క బడి అంకె తీసుకొని వెళితే ‘ఇన్నేళ్లుగా వండుతూనే ఉన్నారు కదమ్మా’ అని పంపేస్తారు. మండలమంతటి అంకెలు ఉంటే కనీసం కూర్చోమంటారు.